లవంగం వైరాగ్యం వదిలిన శనివారం

మా లవంగం చేపలు మానేసిన సంగతి ముందుగా కనిపెట్టింది మా పై ఇంటి మిత్రా బౌది. బౌది అంటే బెంగాలీలో వదిన.

లవంగం మా పిల్లి. ఒళ్ళంతా తెలుపు, ముక్కు మీద మాత్రం లవంగమొగ్గ అంటించినట్టు చిన్న నల్లమచ్చ. మా అమ్మాయి మైథిలి ఒకటో తరగతిలో ఉండగా వానలో తడిసి వచ్చి మా వరండాలో చేరింది. ఇప్పుడు మైథిలి కాలేజీకి వెళుతోంది. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మాది కింది ఇల్లు, మిత్రా వాళ్ళది సరిగ్గా మా నెత్తి మీద ఇల్లు. మేము నీచు ముట్టము. అందుకని లవంగం పొద్దున మా ఇంట్లో పెరుగన్నం తిని, మధ్యాహ్నం పైన చేప వేగే వాసన రాగానే మెట్లెక్కి వెళ్ళి, ఆ ఇంటి భోజనం కూడా ముగించుకుని, మూతి శుభ్రం చేసుకుని దిగి వచ్చేది. మా ఆవిడ లలితాంబకు ఈ సంగతి తెలుసు. తెలియనట్టే ఉండేది. పిల్లి పైనుంచి రాగానే దేవుడి గది తలుపు మాత్రం వేసేసేది.

అలాంటి పిల్లి కాతలా చేప తలకాయ చూపించి పిలిచినా రావడం లేదని, మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి వెనక్కి తిరిగి పోతోందని మిత్రా బౌది వచ్చి బెంగగా చెప్పింది. మేము బెంగపడలేదు. సంతోషించాము. ఇన్నేళ్ళు మా ఇంట్లో ఉన్నందుకు దానికి మా అలవాటు వచ్చిందనుకున్నాము. నీచు మానేసింది కదా అని లలితాంబ దేవుడి గది తలుపు వేయడం కూడా మానేసింది.

తలుపు తెరిచి ఉండేసరికి లవంగం లోపలికి రావడం మొదలుపెట్టింది. నేను స్నానం చేసి, దీపం పెట్టి, విష్ణు సహస్రనామం అందుకునేసరికి వచ్చి దీపానికి జానెడు దూరంలో కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. కళ్ళు మూసుకునేది. నేను ఫలశ్రుతి దాకా వచ్చినా కదిలేది కాదు. ఒకప్పుడు ఇదే పిల్లి మా ఆవిడ చేసుకున్న వత్తులన్నీ మంచం కిందికి ఈడ్చుకుపోయింది. పూలదండలు తెంపింది. గంట కొట్టబోతే నా చేతి మీదికి దూకింది. ఇప్పుడు చెవి దగ్గర గంట మోగించినా ఒక్క మీసం కదిపేది కాదు.

పిల్లి ఎదురైతే ఇంట్లోకి వచ్చి కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరే వంశం మాది. ఆఫీసుకు వెళ్ళేముందు నేను ఒక పిల్లి వంక చూసి దణ్ణం పెట్టుకునే రోజు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. అదీ జరిగింది.

దానికి కారణం సోమయాజులు గారు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో ఆయనే పెద్ద. రైల్వేలో రిటైరయ్యాక ఊరికి పోకుండా ఇక్కడే కొడుకు దగ్గర ఉండిపోయారు. శనివారం శనివారం ఒక్కొక్కరి ఇంట్లో పారాయణం జరిపిస్తారు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు, అంతమంది గొంతెత్తి చదువుతున్నా చలనం లేకుండా కూర్చున్న లవంగాన్ని ఆయన పుస్తకం మూసి మరీ చూశారు. దాని కథంతా అడిగి తెలుసుకున్నారు. మెట్లు ఎక్కడం లేదనీ, చేపలు మానేసిందనీ, పాలు కూడా కొంచెమే తాగుతోందనీ మేమే వరసగా చెప్పాము.

"ఏటోయ్ జానకిరామూ, ఇంట్లో ఇలాంటి జీవాన్ని పెట్టుకుని పిల్లి పిల్లి అంటన్నావు?" అన్నారు. "ఎక్కడో తపస్సు సగంలో ఆగిపోయిన మనిషి వచ్చి నీ ఇంట్లో మిగతాది పూర్తి చేసుకుంటోందోయ్. దాని జోలికి ఎవరూ వెళ్ళకండి."

ఆ మాట రైలు కంటే వేగంగా వెళ్ళింది. టికియాపారా నుంచి కూడా తెలిసినవాళ్ళు వచ్చారు. వాళ్ళలో అరుణకుమారి గారు లవంగం ముందు ఒక మందారం పెట్టి ఫొటో తీసుకున్నారు. ఎవరో తులసిదండ వేయబోయారు కానీ మైథిలి పడనివ్వలేదు. మిత్రా బౌది మాత్రం, పిల్లి మా బెంగాలీల షష్ఠీదేవి వాహనం, వాహనానికి వేరే మోక్షమెందుకు, వాహనం నడవాలి గదా అని నవ్వింది. ఆ మాట నాకు కాసేపు గుచ్చుకుంది. చేప తినడం పిల్లికి పాపమవుతుందా, మానేస్తే పుణ్యమవుతుందా అని కూడా అనిపించింది. అయినా మన ఇంటికి నలుగురూ వస్తుంటే సంతోషంగానే ఉంటుంది. ఆ సంతోషంలో ప్రశ్నలు నిలవలేదు.

మైథిలి ఒక్కతే ఒప్పుకోలేదు. పిల్లి తన మంచం ఎక్కడం మానేసిందని, లేచేటప్పుడు ముందు కాళ్ళ మీద లేచి వెనక భాగాన్ని లాక్కుంటోందని చెప్పింది. లలితాంబ దానికి వయసని సర్దిచెప్పింది. ఒక ఆదివారం మైథిలి లవంగాన్ని కూరల బుట్టలో తువ్వాలు పరిచి కూర్చోబెట్టుకుని, నన్నూ బయలుదేరదీసింది. టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి రామ్‌రాజాతలాలో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాము.

డాక్టరు కుర్రవాడు. లవంగం నడుం మీద, తొడల మీద మెల్లగా వేళ్ళు పెట్టి నొక్కాడు. పూజ గదిలో అన్ని రోజులూ మౌనంగా ఉన్న జీవం, అతని వేలు పట్టుకుని కొరికింది. అతను వేలు కడుక్కుని వచ్చి, ఎన్నాళ్ళుగా ఇలా ఉందని అడిగాడు. నేను నా వచ్చీరాని బెంగాలీలో దాని భక్తి సంగతి చెప్పాను. అతను నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది.

కీళ్ళు బిగుసుకుపోయాయని చెప్పాడు. నొప్పి వల్ల దూకడం మానేసింది, దూకడం మానేయడం వల్ల తొడల్లో కండ కరిగిపోయింది, కండ కరిగినందువల్ల ఇంకా కదలలేకపోతోంది అన్నాడు. దీపం దగ్గర కూర్చునేది వెచ్చదనానికట. మందు రాసిచ్చాడు. మందు సగం పనే చేస్తుంది, మిగతా సగం మీరు చేయాలి అన్నాడు. రోజుకు చాలాసార్లు, ప్రతిసారీ కొద్దిసేపే, నేల మీదనే ఆడించాలి. గాలిలో ఊపి ఎగరనివ్వకూడదు. నేల జారకుండా చూడాలి. అలసిపోకముందే ఆపాలి, చివర దానికి ఏదో ఒకటి దొరకాలి, లేకపోతే మళ్ళీ ఆడదు. ఇలా కదిలించకపోతే చలికాలం దాటేసరికి వెనక కాళ్ళు పూర్తిగా పడిపోతాయి. ఆ తరవాత నేను చేయగలిగింది ఉండదు అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు టోటోలో మైథిలి బుట్ట నా ఒళ్ళో పెట్టింది. నేను బుట్టలోకి చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అది నా పూజలో కూర్చుందా, నేను దాని నొప్పి ముందు కూర్చుని పూజ చేశానా? సహస్రనామంలో అన్ని పేర్లు నోటికి వచ్చిన నాకు ఎదురుగా ఉన్నది ఒక్కటి కనిపించలేదు.

లలితాంబ విన్నది విన్నట్టే నడుం బిగించింది. ఆవిడ ఏది మొదలుపెట్టినా వ్రతం పట్టినట్టే పడుతుంది. నున్నటి నేల మీద కాలు జారకుండా ఇంట్లో ఉన్న జంపఖానాలన్నీ పరిచింది. గుమ్మం నుంచి వంటింటి దాకా దారి వేసింది. మైథిలి బజారు నుంచి ఈక కట్టిన పుల్ల, గలగలలాడే బంతి, ఉన్ని ఎలక తెచ్చింది. మిత్రా బౌది చేపముక్కలు వేయించి తనే కిందికి పట్టుకొచ్చింది. వాటిని కాగితపు ఠోంగా సంచుల్లో, బోర్లించిన కొబ్బరిచిప్పల కింద దాచాము. వాసన పట్టి వెతుక్కుంటుందని ఆశ. మా ఇంట్లోకి చేప రావడం అదే మొదటిసారి. లలితాంబ వరండాలో ఒక మూల చూపించి, అక్కడ తప్ప ఇంకెక్కడా వద్దంది. ఆ తరవాత తనే చిప్పలు సర్దింది.

లవంగం ఏదీ ముట్టలేదు. బంతి దొర్లి వస్తే కాలు పక్కకు తీసుకునేది. ఈక ముక్కుకు తగిలితే తుమ్మేది. చేప ఉన్న చిప్ప దగ్గర కూర్చుని, ఎవరో ఒకరు తీసి ఎదుట పెట్టేదాకా మా మొహాలు చూసేది. పువ్వులూ పాలూ ముందుకు తెచ్చిపెడితే ఎవరికి మాత్రం అలవాటు కాదు?

ఇది సోమయాజులు గారి చెవిని పడింది. ఆయన కోపంగా వచ్చారు. పుణ్యజీవాన్ని పట్టుకుని సర్కస్ చేయిస్తున్నారా అన్నారు. డాక్టరు చెప్పింది చెప్పబోతే, డాక్టర్లు నాకూ అన్నీ చెబుతారు, వాటిలో సగం వింటే మంచం మీదే ఉండేవాణ్ణి అన్నారు. ఆయనకూ మోకాళ్ళ నొప్పులే. ఎక్కడ పారాయణమైనా ఆయనకు కుర్చీ వేయాల్సిందే. వచ్చే శనివారం పారాయణం మళ్ళీ మీ ఇంట్లోనే, పూర్తి పూజ నేనే చేస్తాను, పిల్లిని దాని స్థానంలో వదిలీయండి అని చెప్పి వెళ్ళిపోయారు. పెద్దాయన మాటకు నేను ఎదురు చెప్పలేకపోయాను. తల్లీ కూతుళ్ళు ఆ పూట నా ముందు కంచం పెట్టేసి లవంగం దగ్గరికి వెళ్ళిపోయారు.

శుక్రవారం పొద్దున్న లవంగం పాలగిన్నె దగ్గర వెనక్కి తిరగబోయి పక్కకు ఒరిగిపోయింది. జంపఖానా మీదే పడింది, దెబ్బ తగలలేదు. కానీ లేవడానికి చేసిన ప్రయత్నం లలితాంబ చూసింది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని వెనక కాళ్ళు రెండూ చేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చుంది.  అది చూసి నాకు భయం వేసింది.

శనివారం సాయంత్రం అందరూ వచ్చారు. దేవుడి గది చాలక హాల్లో కూడా కూర్చున్నారు. లవంగం దీపం దగ్గర తన చోట్లో ఉంది. సోమయాజులు గారు పట్టుపంచె కట్టుకుని, భుజం మీద పట్టు ఉత్తరీయం వేసుకుని దొడ్డమనిషిలా వచ్చారు. ఆ ఉత్తరీయానికి రెండు చివరలా జానెడేసి కుచ్చులు. పారాయణం అయింది, నైవేద్యం అయింది. హారతి అయింది. మంత్రపుష్పం అయ్యాక ఆయన కుర్చీలోంచి మెల్లగా లేచి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, ఆత్మప్రదక్షిణ శ్లోకం అందుకున్నారు. అంటే దేవుడి ముందు నిలబడ్డ చోటనే తన చుట్టూ తాను కుడివైపుగా మూడుసార్లు తిరగడం. మేమంతా లేచి నిలబడ్డాము.

మోకాళ్ళ వల్ల ఆయన చాలా నెమ్మదిగా తిరుగుతారు. వంగినప్పుడు జారిందేమో, ఉత్తరీయం ఒక కొస కిందికి దిగి, కుచ్చులు నేలను తాకుతున్నాయి. ఆయన తిరుగుతుంటే ఆ కుచ్చులు నేల మీద పాకుతూ వచ్చి, లవంగం ముందు నుంచి వెళ్ళి, ఆయన మడమల వెనక మాయమయ్యాయి.

లవంగం కళ్ళు తెరిచింది.

నేను శ్లోకం మరిచిపోయాను. రెండో ప్రదక్షిణంలో కుచ్చులు మళ్ళీ పాదాల చాటు నుంచి బయటికి వచ్చాయి. లవంగం చెవులు రెండూ ముందుకు వంగాయి. తల కిందికి దించింది. గడ్డం నేలకు ఆనించింది. కుచ్చులు నెమ్మదిగా దాని ముందు నుంచి పాకాయి, ఆగాయి, మళ్ళీ పాకాయి. నా పక్కన మైథిలి నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

మూడో ప్రదక్షిణం మొదలవుతుండగా లవంగం వెనక భాగం అటూ ఇటూ ఊగింది. చిన్నప్పుడు వత్తుల బుట్ట మీద పడేముందు ఊగినట్టే. నిన్న ఒరిగిపోయిన తొడలవి. కుచ్చులు మడమ చాటుకు పోబోతుండగా అది దూకింది. జానెడు దూరమే దూకింది. ముందు పంజాలు రెండూ కుచ్చుల మీద పడ్డాయి. పట్టు జారిపోయింది. జారిపోయిన దాని వెంట లవంగం సోమయాజులు గారి చుట్టూ తిరిగింది. ఆయన దేవుడికి ప్రదక్షిణం చేస్తున్నారు, అది ఆయనకు చేస్తోంది.

మూడూ పూర్తయి ఆయన ఆగారు. కుచ్చులూ ఆగాయి. లవంగం వాటిని నోట కరుచుకుని పైకి చూసింది.  పూజ పాడయిందా, పండిందా నాకు తెలియలేదు. ఇక ఇది ఆగిపోతుంది, మళ్ళీ ఎప్పుడు కదులుతుందో అన్నది మాత్రం తెలుసు.

అప్పుడు లలితాంబ ముందుకు వచ్చింది.

"బాబాయి గారూ, ఆగకండి. ఇంకొకసారి తిరగండి."

ఆయన కళ్ళు తెరిచి కిందికి చూశారు. ఆయన మొహంలో మొదట కనిపించింది కోపం కాదు. ఎవరో తనకు ఇచ్చిన మాట తప్పితే చూసినట్టు చూశారు.

"ఇదేటమ్మా, మరి దీని తపస్సు?"

"తపస్సు కాదు బాబాయి గారూ, కీళ్ళ నొప్పి. మీకు తెలీని నొప్పేటి? ఇలా తిరగకపోతే దీని కాళ్ళు పడిపోతాయట. మాకెవరికీ లేవలేదు, మీకు లేచింది."

ఆయన లవంగాన్ని చూశారు. అది ఒకసారి కుచ్చులను లాగింది. ఆయన కుర్చీ వంక చూశారు, దేవుడి వంక చూశారు. ఆ కాసేపట్లో ఆయన మనసులో ఏ లెక్క జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఎటు తిరగమన్నావు?" అన్నారు.

"కుడివైపే. ప్రదక్షిణం కదా."

ఆయన తిరిగారు. శ్లోకం లేకుండా తిరగడం చేతకాలేదేమో, కాసేపటికి మళ్ళీ శ్లోకం అందుకున్నారు. అరుణకుమారి గారు గబగబా దీపం ఎత్తి మందసం మీద పెట్టారు. నేను హారతి పళ్ళెం తీశాను. మైథిలి ఒక జంపఖానా లాక్కొచ్చి ఆయన కాళ్ళ చుట్టూ పరిచింది. లవంగం పొంచింది, దూకింది, తప్పింది, మళ్ళీ పొంచింది. వెనకనుంచి ఎవరో నవ్వు ఆపుకోలేక నవ్వారు, ఆ తరవాత ఎవరూ ఆపుకోలేదు. అలికిడికి మిత్రా బౌది పైనుంచి దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటతోనే చప్పట్లు కొట్టబోయింది.

ఆయనకు కళ్ళు తిరిగాయి. కుర్చీ పట్టుకుని, ఉత్తరీయం తీసి నా చేతిలో పెట్టారు. "పట్టుకో జానకిరామూ, ఆపీకు," అన్నారు. మడి పంచె ఎగదోపి నేను దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ దేవుడి గది గుమ్మం దాటాను. జనం దారి ఇచ్చారు. లవంగం నా వెనక వచ్చింది. నడిచి కాదు. నాలుగు అంగలు పరుగెత్తి, ఆగి, మళ్ళీ పరుగెత్తి వచ్చింది. హాలు మధ్యకు వచ్చేసరికి నా గుండె దాని కంటే ఎక్కువ కొట్టుకుంటోంది. ఇంకా వరండా దాకా పరుగెత్తించాలని నాకు ఉంది.

"చాలు నాన్నా," అంది మైథిలి. "అలసిపోకముందే ఆపాలి. ఇప్పుడు దొరకనియ్యి."

ఆగాను. లవంగం కుచ్చుల మీద పడి, వాటిని పొట్టకు కరుచుకుని వెల్లకిలా దొర్లింది. ఆపైన వెనక కాళ్ళతో తన్నింది. డాక్టరు పడిపోతాయన్న ఆ రెండు కాళ్ళతోనే, ఒకదాని వెంట ఒకటి, ఆ ఖరీదైన పట్టును చీలికలు చేసింది. పట్టు చిరిగే చప్పుడు అందరికీ వినిపించింది. లలితాంబ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేను సోమయాజులు గారి దగ్గరికి వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాను. ఆయన చెమట తుడుచుకుంటూ లవంగాన్నే చూస్తున్నారు. ఆ రోజు చేసిన ప్రదక్షిణాల్లో దేవుడికి చెందినవి ఏవి, పిల్లికి చెందినవి ఏవి అని అడగాలనిపించింది. ఆయన మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. ప్రసాదం తీసుకుని, ఉత్తరీయం అక్కడే వదిలేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు సంతోషంగానూ ఉంది, దిగులుగానూ ఉంది. పెద్దాయన మనసు నొప్పించామేమోనని లలితాంబతో అంటే, పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి కాళ్ళ మీద పడదాం లెండి అంది.

వెళ్ళే అవసరం రాలేదు. పొద్దున్న నేను ఇంకా పారాయణంలో ఉండగానే గేటు చప్పుడయింది. సోమయాజులు గారు వరండాలో నిలబడి ఉన్నారు. భుజం మీద పాత నూలు ఉత్తరీయం, దాని కొసకు ఎవరో జనపనార కుచ్చు కట్టారు. కట్టింది ఆయనేనని ఆ ముడి చూస్తే తెలుస్తోంది.

"ఇంకో పట్టుది ఉందిగానీ మా కోడలు దాచీసిందోయ్," అన్నారు. "ఇది పనికొస్తుందేటో చూద్దామని వచ్చాను. ఏదీ, లేచిందా ఆవిడ?"

నేను ఏదో చెప్పబోయేలోగా ఆయన నోట శ్లోకం మొదలయింది. కొస నేలకు వదిలి, మా వరండాలో, తూర్పు ముఖంగా నిలబడి మెల్లగా తిరగడం మొదలుపెట్టారు. లోపల జంపఖానా మీద గోళ్ళు గీరుకున్న చప్పుడయింది. మా హాలుకూ వరండాకూ మధ్య ఎత్తయిన గడప ఉంది. లవంగం దాని దగ్గరికి వచ్చి ఆగింది. మైథిలి ఎత్తుకోవడానికి వంగింది. లలితాంబ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

జనపనార కుచ్చు ఆయన పాదం చాటుకు పోయింది. మళ్ళీ బయటికి వచ్చింది. లవంగం వెనక భాగం ఊగింది. ముందు కాళ్ళు గడప మీద పెట్టింది, ఒక్క క్షణం అలాగే నిలబడింది, గడప దాటి దూకేసింది.